ఒకే పీపాలో రెండు సొరలు

మన దేశం చుట్టూ ఉన్న సముద్రంలో, తీరపు మెరక అయిపోయి నేల ఒక్కసారిగా లోతుకు దిగే వాలుల మీద, గల్పర్ అనే సొరచేపలు బతుకుతాయి. డాగ్‌ఫిష్ అనే పెద్ద వర్గంలో ఇవి ఒక కుటుంబం. వీపు మీద రెండు రెక్కలు, ఒక్కో రెక్కకు ముందు ఒక గట్టి ముల్లు ఉంటాయి. మామూలు సొరలకు పొట్ట కింద తోక దగ్గర కనిపించే రెక్క వీటికి ఉండదు. పచ్చగా మెరిసే పెద్ద కళ్లు చీకట్లో బతకడానికి అమరినవి. ఈ కుటుంబంలో రెండు జాతులను పక్కపక్కన పెట్టి చూడటం ఈ వ్యాసం పని. ఒకటి సెంట్రోఫోరస్ గ్రాన్యులోసస్, గల్పర్లలో పెద్దది. రెండోది సెంట్రోఫోరస్ ఆట్రోమార్జినాటస్. దాన్ని మరుగుజ్జు గల్పర్ అంటారు. ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో పెద్దది ‘అంతరించే ప్రమాదంలో ఉన్న’ వర్గంలో ఉంది. మరుగుజ్జుది అంతకంటే ఒక మెట్టు కిందికి, ‘తీవ్ర ప్రమాదంలో ఉన్న’ వర్గంలోకి జారింది. రెండూ పోతున్నది ఒకే కారణంగా, కానీ పోయే వేగం వేరు. అందుకే శాస్త్రం ఈ రెంటినీ కచ్చితంగా విడదీసి చూడాలని, చట్టం మాత్రం ఒక్కటిగా కలిపి కాపాడాలని నా వాదన. వినడానికి ఇది తిరకాసుగా ఉంటుంది. అందులో తిరకాసు లేదని చూపించడానికే ఈ నాలుగు మాటలు.

తమిళనాడులోని ఈ కంబం లోయలో కూర్చుని లోతు సముద్రపు సొరల సంగతి మాట్లాడటం ఏమిటని ఎవరైనా అడగవచ్చు. కంబానికి సముద్రం లేదు, నిజమే. కానీ పడమట కొండెక్కి కుమిళి దాటితే కొచ్చి రేవుకు దారి, తూర్పున మదురై దాటితే తూత్తుకుడికి, రామేశ్వరానికి దారి. ఈ ప్రాంతపు తమిళుల ఇళ్లలోనూ, తరాలుగా ఇక్కడే స్థిరపడ్డ తెలుగువాళ్ల ఇళ్లలోనూ సొర పుట్టు కొత్త వంట కాదు. ముక్కలు ఉడకబెట్టి, గరుకు తోలు ఒలిచి, కండను వేళ్లతో పొడిపొడిగా చిదిపి, పసుపు, వెల్లుల్లి, ఉల్లిపాయ వేసి వేయించి బాలింతకు పెడతారు. ఆ వంటలో పడేది ఒడ్డుకు దగ్గరగా దొరికే చిన్న సొర, ముఖ్యంగా పాల సొర. గల్పర్ కాదు. గల్పర్ మన ఇళ్లలోకి చేపగా రాదు, నూనెగా వస్తుంది. ముఖానికి రాసుకునే క్రీములో, మందుల షాపు అద్దాల వెనక ఉండే లివర్ ఆయిల్ గొట్టాల్లో అది ఉండవచ్చు. డబ్బా మీద ఏ చేపో రాయరు. కాబట్టి కంబంలో ఉన్నా, కాకినాడలో ఉన్నా, దీని సంగతి తెలుసుకోవడానికి సముద్రం పక్కనే ఉండాలన్న షరతు లేదు.

ముందు రెండు చేపలనూ హార్బర్ గచ్చు మీద పక్కపక్కన పడుకోబెట్టినట్టు ఊహించుకుందాం. రంగు చూస్తే రెండూ ఒకటే: వీపు బూడిద గోధుమ, పొట్ట కొంచెం పాలిపోయినట్టు. ఒళ్లంతా సన్నటి గరుకు. పెద్ద గల్పర్ నిండుగా ఎదిగితే మనిషి ఎత్తుకు దగ్గరగా, మీటరున్నర దాటి పెరుగుతుంది. మరుగుజ్జుది మీటరు కూడా అందుకోదు. అయితే పెద్దదాని పిల్ల ఉంది చూశారూ, అది మరుగుజ్జుదాని తల్లంత ఉంటుంది. పొడవు చూసి జాతి చెప్పబోతే అక్కడే దెబ్బతింటాం. నమ్మదగ్గ గుర్తు రెక్కల అంచుల్లో ఉంది. మరుగుజ్జు గల్పర్ రెక్కలకు, ముఖ్యంగా వీపు రెక్కల కొసలకు, నల్లటి మరక అద్దినట్టు ఉంటుంది. పక్క రెక్క లోపలి మూల సన్నగా, వెనక్కి బాగా సాగి ఉంటుంది. ఎదిగిన పెద్ద గల్పర్ రెక్కలు ఇంచుమించు ఒకే రంగులో ఉంటాయి. కానీ పెద్దదాని పిల్లల రెక్కల్లో కూడా కొంత నలుపు కనిపిస్తుంది. ఇక మిగిలేవి ముక్కు పొడవు, ముల్లు ఎత్తు, పొలుసు ఆకారం, పళ్ల వరస. వాటిని చూడాలంటే కొలబద్ద, భూతద్దం, తీరిక మూడూ ఉండాలి. తెల్లవారుజామున వేలం పాట నడిచే చోట ఆ మూడూ దొరకవు. కంబం లోయలో పన్నీరు ద్రాక్షకూ గింజలేని ద్రాక్షకూ తేడా చెప్పలేని మనిషి ఉండడు, తోటలో, సంతలో రోజూ కళ్ల ముందు ఉంటాయి కనుక. ఈ చేపల్ని ప్రాణంతో చూసినవాళ్లు లోకంలోనే చాలా కొద్దిమంది. చూసేదంతా చచ్చినదాన్నే, అదీ కాలేయం తీసేలోపు.

అసలు వ్యాపారమంతా ఆ కాలేయంలోనే ఉంది. ఎముకలున్న చాలా చేపలకు నీటిలో తేలడానికి కడుపులో గాలి తిత్తి ఉంటుంది. సొరలకు అది లేదు. లోతు సొరలు ఆ కొరతను నూనెతో తీర్చుకున్నాయి. గల్పర్ పొట్ట కోస్తే కనిపించేది దాదాపు అంతా కాలేయమే. లేత రంగులో, మెత్తగా, పొట్ట ఈ చివరి నుంచి ఆ చివరి దాకా రెండు పొడవైన తమ్మెలుగా ఉంటుంది. ఒంటి బరువులో అయిదో వంతుకు అటూఇటూ కాలేయమే తూగుతుంది. అందులో అధిక భాగం నూనె. ఆ నూనెలో సగానికి పైగా స్క్వాలీన్ అనే ఒకే పదార్థం. నీటికంటే తేలిక కాబట్టి చేపను మునిగిపోకుండా పట్టి ఉంచుతుంది. జపాన్ రసాయన శాస్త్రవేత్త మిత్సుమారు త్సుజిమోతో 1906లో లోతు సొరల నూనెలో దీన్ని గుర్తించాడు. తర్వాత పదేళ్లకు ఆ సొరల కుటుంబం పేరు మీదే దీనికి పేరు పెట్టాడు. స్క్వాలీన్‌ను శుద్ధి చేసి హైడ్రోజన్ కలిపితే స్క్వాలేన్ వస్తుంది. రంగు లేదు, వాసన లేదు, చెడిపోదు, చర్మంలో జిడ్డు లేకుండా ఇంకుతుంది. సౌందర్య సాధనాల కంపెనీలకు ఇంతకంటే ఏం కావాలి? చేపను బతికించడానికి పుట్టిన నూనె దాని ప్రాణం మీదికే వచ్చింది. ఒక టన్ను స్క్వాలీన్ కోసం దాదాపు 3,000 సొరలు పోతాయని ఫ్రాన్స్‌కు చెందిన బ్లూమ్ సంస్థ అంచనా కట్టింది. సొర చిన్నదైతే లెక్క ఇంకా పెరుగుతుంది. మన రెండు జాతుల మధ్య తేడా బయటపడేది ఇక్కడే. ఒకే పీపా నింపడానికి పెద్దవి కొన్ని చాలు, మరుగుజ్జువి చాలా ఎక్కువ కావాలి.

రెండో తేడా సంతానంలో ఉంది. ఈ కుటుంబంలో ఏదీ గుడ్లు పెట్టి వదిలేయదు. గుడ్డు తల్లి కడుపులోనే పొదిగి, పిల్ల పూర్తిగా తయారై బయటికి వస్తుంది. మరుగుజ్జు గల్పర్ ఒక కాన్పుకు ఒకటి, మహా అయితే రెండు పిల్లల్ని కంటుంది. పెద్దదానికి కడుపులో చోటెక్కువ కనుక పిల్లలు ఇంకొన్ని ఎక్కువ, అయినా పది దాకా పోవు. మధ్యధరా సముద్రంలో వీటి దగ్గరి బంధువును ఏళ్ల తరబడి పరిశీలించిన స్పెయిన్ శాస్త్రవేత్తలు కాన్పుకు ఒకే పిల్లని, గర్భం దాదాపు రెండేళ్లని తేల్చారు. పదిహేనేళ్లకు ఈడుకొచ్చి నలభై ఏళ్లు బతికే ఆడది రెండేళ్లకో పిల్ల చొప్పున కన్నా, బతుకంతా కలిపి డజను దాటవు. కేరళ నుంచి కొండ దాటి మన సంతకు వచ్చే మత్తి చేప ఒక్క విడతలోనే వేల గుడ్లు పెడుతుంది. మత్తిని పట్టినట్టు గల్పర్‌ను పట్టకూడదని చెప్పడానికి ఈ ఒక్క లెక్క సరిపోతుంది. ఇదే కుటుంబంలోని ఆకు పొలుసుల గల్పర్ ముళ్ల మీది వలయాలు లెక్కపెడితే కొన్నింటి వయసు 70 ఏళ్ల దాకా తేలింది. మరుగుజ్జు గల్పర్ ఎక్కువగా తిరిగేది 150 నుంచి 450 మీటర్ల మధ్య. పెద్దది అంతకు మించి, వెయ్యి మీటర్లు దాటి కూడా దిగగలదు. అంటే గాలం తాడు కొంచెం పొడవు పెంచితే ముందుగా తగిలేది మరుగుజ్జుది. పెద్దదానికి ఇంకా కిందికి కొంత చోటు మిగిలి ఉంది. ఒకే వేటలో ఒకటి ముందు పోవడానికి, ఇంకొకటి వెనక పోవడానికి నాకు కనిపించే కారణాలు ఈ మూడు: ఒంటి పరిమాణం, కాన్పు, లోతు.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. ఈ పేర్ల పంచాయితీ శాస్త్రవేత్తలది, చేపకు ఏ పేరు పెడితే ఏం, అది పోతోందా లేదా అన్నదే ముఖ్యం కదా అని. సమంజసంగానే వినిపిస్తుంది. కానీ గల్పర్ల చరిత్ర చూస్తే ఈ మాట నిలబడదు. 1801లో బ్లాఖ్, ష్నైడర్ అనే జర్మన్ పండితుల పుస్తకంలో గ్రాన్యులోసస్ పేరు మొదట వచ్చింది. ఆ తర్వాత రెండు శతాబ్దాల పాటు ఆ పేరు కింద ఏయే చేపలో చేరాయి. పైన చెప్పిన మధ్యధరా పరిశోధన కూడా మొదట అచ్చయింది గ్రాన్యులోసస్ పేరుతోనే. ఇప్పుడు ఆ చేపను ఉయాటో అనే వేరే జాతిగా చూస్తున్నారు. మరోవైపు ఆకస్ అని, నియౌకాంగ్ అని వేర్వేరు పేర్లతో చలామణీ అయిన పెద్ద గల్పర్లు నిజానికి గ్రాన్యులోససేనని 2013లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త విలియం వైట్, ఆయన సహచరులు తేల్చారు. అంటే చాలా కాలం ఒక చేప కాన్పు లెక్క ఇంకో చేప ఖాతాలో పడింది. సొరల్లోకెల్లా అతి తక్కువ సంతానం గలది గ్రాన్యులోసస్ అని పుస్తకాలు రాశాయి. ఆ మాట అసలు చెందవలసింది దాని చిన్న బంధువులకు. పెద్దదాని మీద అక్కర్లేనంత దిగులు పడి, చిన్నవాటి మీద పడవలసిన దిగులు పడలేదు. ఇది అక్షరాల తగాదా కాదు, ఎవరిని ముందు కాపాడాలన్న వరస తారుమారైంది.

మన చట్టంలోనూ ఇలాంటి తడబాటు జరిగింది. 2001లో మన ప్రభుత్వం ముందు తిమింగల సొరను, ఆ ఏడాది చివర మరో తొమ్మిది రకాల సొర, టేకు చేపలను వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చింది. అందులో గిటార్ చేప జాతి ఒకటి రింకోబేటస్ జిడ్డెన్సిస్. అది ఆఫ్రికా వైపు, పశ్చిమ హిందూ మహాసముద్రంలో ఉండే జాతి. మన తీరంలో పడవలకు దొరికేవి దాని అక్కచెల్లెళ్లు, ఆస్ట్రేలియే, లీవిస్ అనేవి. ఆ పేర్లు అప్పటి జాబితాలో లేవు. చట్టం ఊళ్లో లేని చేపకు రక్షణ ఇచ్చింది, ఊళ్లో ఉన్నవాటిని పేరు పెట్టి కాపాడలేదు. అదే జాబితాలో లోతు డాగ్‌ఫిష్ ఒక్కటీ లేదన్నది కూడా గమనించాలి. దీనికి ఎవరినీ తిట్టి లాభం లేదు, ఆనాటి పుస్తకాల్లో ఉన్నదే గుమాస్తా రాశాడు. పుస్తకం సరిగా లేకపోతే చట్టం గురి ఎటు తప్పుతుందో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు దొరకలేదు. ఒడ్డు దగ్గరి చేపల విషయంలో మనకు ఈ గతి పట్టనక్కర్లేదు. ప్యాట్రిక్ రస్సెల్ అనే ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల బొమ్మలతో 1803లో లండన్‌లో పుస్తకం వేసినప్పుడు, వాటి తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. మన జాలర్లు ఒక సొరను ఇంకో సొర నుంచి పేరుతో విడదీయగలరని అది చెప్పకనే చెబుతుంది. లోతు చేపలకు మాత్రం అలాంటి తరతరాల పరిచయం లేదు. బంగాళాఖాతం లోతుల నుంచి ‘ఇన్వెస్టిగేటర్’ ఓడ పైకి తెచ్చిన ఒక చిన్న డాగ్‌ఫిష్‌ను ఆల్‌ఫ్రెడ్ ఆల్‌కాక్ కొత్త జాతిగా వర్ణించింది 1889లో. జాలరి కంటే ముందు దాన్ని పరిశోధన ఓడే చూసింది.

జాలర్లు ఆ లోతుకు దిగింది ఇటీవలే. కన్యాకుమారి జిల్లాలో తూత్తూరు, దాని పక్కన వరసగా ఉన్న పల్లెల వాళ్లు సొర వేటలో దేశమంతా పేరు మోసినవాళ్లు. పొడవాటి తాడుకు వందలాది గాలాలు కట్టి, వారాల తరబడి సముద్రం మీదే ఉండి, అరేబియా సముద్రం నుంచి అండమాన్ దాకా తిరుగుతారు. వాళ్ల బోట్లు చాలా వరకు సరుకు దించేది కొచ్చి హార్బర్లో. ఒడ్డు దగ్గర సొర పలచబడేసరికి, 2000 తర్వాతి సంవత్సరాల్లో వాళ్ల గాలాలు లోతు వాలులకు దిగాయి. కొచ్చిలోనే ఉన్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ సీఎంఎఫ్‌ఆర్‌ఐ శాస్త్రవేత్తలు రోజూ హార్బర్‌కు వెళ్లి, అంతకు ముందు మన లెక్కల్లో అరుదుగా కనిపించిన గల్పర్లు, ముళ్ల సొరలు గుట్టలుగా దిగుతుండటం నమోదు చేశారు. కాలేయాలు వేరు చేసి నూనెకు, మిగిలిన కండ మాంసానికి పోయేది. మన వైపు ప్రభుత్వ విధానం కూడా లోతునే చూపిస్తోంది. పాక్ జలసంధిలో శ్రీలంకతో గొడవలు తగ్గించాలని, ట్రాల్ బోట్లను మానిపించి లోతు సముద్రపు ట్యూనా బోట్లుగా మార్చే పథకాన్ని 2017లో రామేశ్వరంలో ప్రారంభించారు. ఉద్దేశం మంచిదే. ట్యూనా గాలాలు నీటి పైపొరల్లోనే ఉంటాయి, గల్పర్‌కు తగలవు. కానీ బోటు ఒకసారి లోతు సముద్రానికి అలవాటు పడ్డాక, ట్యూనా దొరకని రోజున తాడుకు బరువు కట్టి కిందికి వదలడానికి పెద్ద కష్టమేమీ ఉండదు. పథకం కాగితాల్లో ఆ రెండో సంగతి గురించి కూడా ఒక వాక్యం ఉండాలన్నది నా అభిప్రాయం.

లోతు సొర వేట ఎలా ముగుస్తుందో చూడటానికి మనం ప్రయోగం చేయనక్కర్లేదు, ఇతరులు చేసి చూపించారు. మాల్దీవుల్లో గల్పర్ కాలేయం వేట 1980లో మొదలైంది. నాలుగైదేళ్లు నూనె ఎగుమతులు ఎగబాకాయి, ఆ తర్వాత చేపే కరువైంది. 2010లో ఆ దేశం సొర వేటనంతా నిషేధించింది. మళ్లీ 2025లో గల్పర్ వేటకు తలుపు తీయాలని నిర్ణయించి శాస్త్రవేత్తల చేత చీవాట్లు తింది. ఆస్ట్రేలియా న్యూసౌత్‌వేల్స్ తీరంలో ‘కపాలా’ అనే పరిశోధన నౌక 1976–77లో ఒకసారి, ఇరవై ఏళ్ల తర్వాత 1996–97లో మరోసారి, అవే చోట్ల, అవే లోతుల్లో వల వేసి చూసింది. గల్పర్ జాతి డాగ్‌ఫిష్‌ల పట్టుబడి 98 శాతానికి పైగా పడిపోయింది. అక్కడా సమస్య జంటదే. హారిసన్ డాగ్‌ఫిష్, దక్షిణ డాగ్‌ఫిష్ అనే రెండు జాతులు, ఒకదాన్ని చూసి ఒకటి అనుకునేంత పోలిక. ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు వాటిని విడదీసి, ఒక్కోదాని వయసు, ఒక్కోదాని ఉనికి వేరువేరుగా తేల్చారు. ప్రభుత్వం మాత్రం 2013లో రెండింటినీ ఒకేసారి చట్టం కిందికి తెచ్చి, సముద్రం వాలులో కొన్ని చోట్లను వలలకు, గాలాలకు మూసేసింది. ఏ జాతి పడిందో చూసి చర్య తీసుకుందామని కూర్చోలేదు. 2024లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం 521 లోతు సొర, టేకు జాతులను లెక్కించి, ఏడింట ఒకటి ముప్పులో ఉందని తేల్చింది. ముప్పులో ఉన్నవాటిలో దాదాపు మూడింట రెండు వంతులు కాలేయం నూనె వ్యాపారంలో వాడుతున్నవేనట.

రెండో అభ్యంతరం మొదటిదానికి సరిగ్గా తలకిందులు. ఇంత పట్టుబట్టి విడదీశాక, రెంటికీ ఒకే చట్టం ఎందుకు? పెద్దది కొంచెం మెరుగ్గా ఉందంటున్నారు గదా, దాన్ని పరిమితంగా పట్టనిచ్చి, మరుగుజ్జుదాన్ని మాత్రం నిషేధించవచ్చు గదా? కాగితం మీద ఇది న్యాయంగానే ఉంది. నీటిలో కుదరదు. 400 మీటర్ల లోతున ఉన్న గాలం ఏ జాతి నోట్లో పడాలో ఎంచుకోలేదు. పైకి లాగాక మరుగుజ్జుదని తెలిసి వదిలేసినా, గంటల తరబడి గాలానికి వేలాడి, చల్లటి చీకటి నీటి నుంచి వెచ్చటి ఎండలోకి వచ్చిన చేప ఎంతవరకు బతుకుతుందన్నది అనుమానమే. ఇక బోటు మీదే కాలేయం తీసి పీపాలో వేశారంటే, అది ఏ రెక్క కింద నుంచి వచ్చిందో చెప్పడానికి రెక్కే ఉండదు. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందంలో ఇందుకోసమే ఒక నిబంధన ఉంది. ముప్పులో ఉన్న జాతిని పోలి ఉండి, తనిఖీ అధికారి విడదీయలేని జాతులను కూడా జాబితాలో చేర్చవచ్చు. 2025 చివర ఉజ్బెకిస్తాన్‌లోని సమర్కండ్‌లో జరిగిన సైటిస్ సమావేశం గల్పర్ల కుటుంబాన్నంతా రెండో అనుబంధంలో చేర్చింది ఈ తర్కంతోనే. కస్టమ్స్ అధికారికి గల్పర్ పాఠం నేర్పడం కంటే మొత్తం కుటుంబానికీ ఒకే తాళం వేయడం సులువు. పెద్ద గల్పర్‌కు దీనివల్ల అన్యాయం జరుగుతుందని ఎవరైనా అనుకుంటే, అది కూడా అంతరించే ప్రమాదంలో ఉన్నదేనని గుర్తు చేయాలి. మెరుగు అన్నది పక్కదానితో పోల్చినప్పుడు మాత్రమే.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం పొట్టకూటిది. దాన్ని తేలిగ్గా కొట్టిపారేసే హక్కు ఒడ్డున కూర్చుని రాసేవాళ్లకు లేదు. 2017 నవంబరు చివర ఓఖీ తుఫాను వచ్చినప్పుడు తూత్తూరు పల్లెల వాళ్లు ఎంతోమంది సముద్రం మీదే ఉన్నారు. తిరిగి రానివాళ్లు చాలామంది. అంత దూరం, అంత లోతు వాళ్లు వెళ్లేది సరదాకు కాదు, దగ్గరలో దొరకడం మానేసింది కనుక. అయితే గల్పర్ వేట వాళ్లకు కూడా పదేళ్ల ఆస్తి కాదు. మాల్దీవుల జాలరికి ఆ చేప కరువైంది నిషేధం రాకముందే. పుట్టుకలు ఇంత తక్కువగా ఉన్న చేపను మొదట పట్టేవాడికి లాభం, తర్వాతివాడికి డీజిల్ ఖర్చు మిగులుతుంది. కాబట్టి ఆంక్ష పెట్టాల్సింది మనిషి మీద కాదు, లోతు మీద. ఫలానా వాలుల్లో ఇన్ని మీటర్ల కిందికి గాలాలు దించకూడదని చెప్పడం, దానికి తగ్గట్టు నష్టపరిహారం కట్టడం జాలరికీ అర్థమవుతుంది, తనిఖీకీ అందుతుంది. వేట నిషేధ కాలంలో తమిళనాడు, ఆంధ్ర రెండూ జాలరి కుటుంబాలకు భృతి ఇస్తూనే ఉన్నాయి. ఆ పద్ధతినే కొంత సాగదీయాలి తప్ప కొత్త ఏర్పాటు ఏదీ అక్కర్లేదు. ఫలానా జాతిని పట్టకూడదని రూలు పెట్టి, దాన్ని గుర్తుపట్టే బాధ్యతను చీకట్లో తాడు లాగేవాడి నెత్తిన వేస్తే, తప్పు ఎప్పుడూ వాడిదే అవుతుంది.

మందులకు స్క్వాలీన్ కావాలి గదా, మనిషి ప్రాణం ముందా చేప ప్రాణం ముందా అని కూడా అంటారు. కొన్ని టీకాల్లో రోగనిరోధక శక్తిని ఎక్కువగా రేపడానికి స్క్వాలీన్ కలుపుతారు, నిజమే. యూరప్‌లో వృద్ధులకు ఇచ్చే ఒక ఫ్లూ టీకాలో 1997 నుంచే అది ఉంది. కానీ వాడే పరిమాణం చాలా తక్కువ, స్క్వాలీన్ గిరాకీలో సింహభాగం సౌందర్య సాధనాలది. కోవిడ్ కాలంలో హైదరాబాద్ నుంచి వచ్చిన రెండు టీకాలు, భారత్ బయోటెక్ కోవాగ్జిన్, బయోలాజికల్ ఇ వారి కోర్బివాక్స్, ఆ పనికి వాడుకున్నవి అల్యూమినియం లవణాలు, వేరే రసాయనాలు. సొర నూనె జోలికి పోలేదు. ఇక క్రీముల మాట. ఆలివ్ నూనెలో స్క్వాలీన్ ఉంది, తోటకూర గింజల్లో ఉంది. చెరకు చక్కెరను ఈస్ట్‌తో పులియబెట్టి స్క్వాలేన్ తయారుచేసే పద్ధతి పదేళ్లకు పైగా వ్యాపారంలో నడుస్తోంది. యూనిలీవర్, లోరియల్ కంపెనీలు సొర స్క్వాలేన్‌ను వదిలేస్తామని 2008లోనే ప్రకటించాయి. ప్రకటన వేరు, డబ్బాలో ఉన్నది వేరు అని ఎవరైనా అనుమానపడితే దానికీ దారి ఉంది. కార్బన్ ఐసోటోపుల నిష్పత్తి చూసి స్క్వాలేన్ సొర నుంచి వచ్చిందా మొక్క నుంచి వచ్చిందా ప్రయోగశాలలో చెప్పవచ్చు. బ్లూమ్ సంస్థ 2015లో 72 క్రీములను అలా పరీక్షించి, అయిదింట ఒకదానిలో సొర జాడ చూపించింది. కాకపోతే ఆ పరీక్ష సొర అని మాత్రమే చెప్పగలదు. పెద్ద గల్పరో మరుగుజ్జు గల్పరో చెప్పలేదు. ఈ వ్యాసం మొదటి నుంచీ చెబుతున్న ఇబ్బంది డబ్బా దాకా వెంటాడుతూనే ఉంది.

ఇప్పుడు పని మన దగ్గరికి వచ్చింది. రెండో అనుబంధంలో ఉన్న జాతి సరుకు ఎగుమతి చేయాలంటే, ఆ వ్యాపారం వల్ల అడవిలోనో సముద్రంలోనో ఆ జాతి మనుగడకు నష్టం లేదని ఆ దేశపు శాస్త్ర సంస్థ నిర్ధారించి రాసివ్వాలి. సముద్ర జీవుల విషయంలో మన దేశంలో ఆ బాధ్యత సీఎంఎఫ్‌ఆర్‌ఐది. హామర్‌హెడ్ వంటి సొరలకు అది 2017లోనే అలాంటి నివేదిక తయారుచేసింది. గల్పర్లకు రాయాలంటే మళ్లీ జాతివారీ లెక్కే కావాలి. ఏ లోతున ఏది పడింది, ఎంత పొడవు, కడుపుతో ఉందా, ఎన్ని పిల్లలు అన్న వివరాలు లేకుండా ‘నష్టం లేదు’ అన్న సంతకం ఎవరూ పెట్టలేరు. కలిపి కాపాడమన్న చట్టమే, ఎగుమతి కాగితం దగ్గరికి వచ్చేసరికి విడదీసి చెప్పమంటోంది. దానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. కొచ్చిలో, తూత్తుకుడిలో, విశాఖలో చేపను గచ్చు మీద పక్కకు తిప్పి, రెండు వీపు రెక్కలు, పక్క రెక్క మూల కనబడేట్టు ఒక ఫొటో, కొలబద్ద మీద పొడవు, జన్యు పరీక్షకు గోరంత రెక్క ముక్క ఉంటే చాలు. ఇవన్నీ కాలేయం కోయకముందే జరగాలి. అందుకే బోటు మీదే కాలేయం తీసి, ఒళ్లు సముద్రంలో పారేసి, నూనె పీపాతో మాత్రమే రేవుకు రావడాన్ని ముందుగా ఆపాలి. సొర రెక్కల విషయంలో 2013లో ఆ నియమం పెట్టాం, రెక్కలు ఒంటికి అతికి ఉన్న సొరనే దించాలని. కాలేయానికి అదే నియమాన్ని పొడిగించడానికి ఒక ఉత్తర్వు చాలు.